నేరచరిత్రను వెదకువారి బాధ్యత

న్యాయవిచారణ బహిరంగముగ జరుగవలెను. మూసిన తలుపుల వెనుక పుట్టిన తీర్పును లోకము నమ్మదు. అమెరికాలో క్రిమినల్ కేసుల కాగితములను పెక్కింటిని ఎవరైనను చూడవచ్చుననుటకు మూలమిదియే. కేసు నడచిన కౌంటీలో, అనగా మన జిల్లావంటి విభాగములో, న్యాయస్థానపు క్లర్కు కార్యాలయమున వాటిని భద్రపరతురు. పేరునుబట్టి సూచికలో వెదకి, కేసు సంఖ్య గ్రహించి, ఫైలు అడిగి చదువవలెను.

చిక్కంతయు పేరుతోనే వచ్చును. ఒకే పేరు గలవారు పలువురుందురు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ కౌంటీ న్యాయస్థానము తన సూచికను పుట్టిన తేదినిబట్టియు, డ్రైవింగు లైసెన్సు సంఖ్యనుబట్టియు వెదకనిచ్చెడిది. అది రాష్ట్ర నిబంధనలకు విరుద్ధమని 2021లో అప్పీలు న్యాయస్థానము తేల్చినది. శిక్ష అనుభవించి బ్రతుకు దిద్దుకొనువానికి ఇది కొంత నీడ. కాని పేరు కలిసిన నిర్దోషికి ఇదే ముప్పు కాగలదు.

ఆ ముప్పును తప్పించు భారము వెదకువానిపైననే యున్నది. పేరొక్కటి కలిసినంత మాత్రమున మనిషి అతడేయని యెంచరాదు. కేసు పెట్టుట వేరు, నేరము రుజువగుట వేరు. కొట్టివేసిన కేసులును ఆ సూచికలో కనబడవచ్చును. కావున చివరి ఉత్తరువు చూడక అభిప్రాయమేర్పరచుకొనుట అన్యాయము. విచారణ సంస్థలు తెచ్చియిచ్చిన నివేదికనుబట్టి ఉద్యోగము నిరాకరింపదలచిన యజమాని, ముందుగా దాని ప్రతిని అభ్యర్థికీయవలెనని అక్కడి కేంద్ర చట్టము శాసించుచున్నది. అతనికి తన మాట చెప్పుకొను అవకాశముండవలెననియే ఆ నియమము. చట్టము యజమానికి నేర్పిన ఈ మర్యాదను తరగతిలో విద్యార్థికిని నేర్పవలెను: ఆరోపణ చదివినవాడు తీర్పును గూడ చదివి తీరవలెను.