గ్రావెల్ గుంట నీటిని తాకితే బావి కిందే లెక్క

గుంటూరు జిల్లా చేబ్రోలు మండలంలోని వడ్లమూడి, సుద్దపల్లి, శేకూరు పరిసరాల్లో గ్రావెల్ తవ్వకాలు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. శివరాత్రి తిరునాళ్లకు పేరొందిన వడ్లమూడిలోని చోటును జనం ‘క్వారీ’ అనే పిలుస్తారు. ఇళ్ల మెరకకు, రోడ్లకు గ్రావెల్ కావాలి. టిప్పర్లు, పొక్లెయిన్ల పని మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి. కనుక తవ్వకాలు ఉండాలా, వద్దా అన్నది ప్రశ్న కాదు. ఎంత లోతున ఆగాలన్నదే అసలు ప్రశ్న.

వాననీటికి జల్లెడ

గ్రావెల్ పొర వాననీటిని త్వరగా పీల్చుకుంటుంది. మట్టిని, మలినాన్ని చాలావరకు వడగట్టి నీటిని కిందికి దింపుతుంది. చుట్టుపక్కల బావులకు, బోర్లకు ఊట అందేది ఇలాగే. గుంట నీటి మట్టానికి పైనే ఆగితే ఈ పని సాగుతూనే ఉంటుంది. మట్టం దాటి తవ్వితే మూత తీసిన కుండ వలె భూగర్భ జలం బయటపడుతుంది. ఎండకు ఆవిరవుతుంది. యంత్రాల నుంచి కారిన డీజిలు, చేల నుంచి వచ్చే పురుగుమందుల నీరు వడపోత లేకుండా అందులో కలుస్తాయి.

అంతకు మించిన నష్టం తోడివేతతో వస్తుంది. తవ్వకానికి అడ్డమని మోటార్లు పెట్టి నీటిని కాలువలోకి వదిలితే చుట్టూ ఉన్న ఊట గుంట వైపు మళ్లుతుంది. ఒక హెక్టారు గుంటలో ఒక మీటరు నీరు అంటే కోటి లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన వెయ్యి మంది ఉన్న ఊరికి అది ఆరు నెలల నీరు.

బోరుకొక న్యాయం, గుంటకొక న్యాయమా?

ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి తవ్వరాదని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. రైతు వేసే ఆరంగుళాల బోరుకు ఇంత కట్టడి ఉన్నప్పుడు, నీటిని తాకిన ఎకరాల గుంటను కూడా బావిగానే చూడటం న్యాయం. 5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకు సైతం పర్యావరణ అనుమతి అవసరమని 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏటి ఇసుకను 3 మీటర్ల లోతు లేదా నీటి మట్టం, ఏది ముందు వస్తే అక్కడితో ఆపాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. గ్రావెల్ గుంటకూ ఇటువంటి హద్దు ఉండవలసిందే.

చేయవలసినవి

హద్దు నిర్ణయించడానికి వేసవి మట్టం పనికిరాదు. వానలు ముగిసి నీరు బాగా పైకి వచ్చే కార్తీక మాసంలోని మట్టాన్నే లెక్కకు తీసుకోవాలి. దానికి కనీసం రెండు మీటర్ల పైన తవ్వకం ఆపడం క్షేమం. గుంటలో నిలిచిన వాననీటిని బయటికి తోడివేయక, పక్క గుంటలో మడ్డి తేర్చి దుమ్ము అణచేందుకు టాంకర్లతో చల్లుకోవచ్చు. ఆ పనికి ఊరి తాగునీటి బోరును వాడరాదు. యంత్రాల మరమ్మతు, డీజిలు నిల్వ గుంట బయటే జరగాలి. చుట్టూ కట్ట వేస్తే చేలమీది నీరు లోపలికి రాదు. పని ముగిశాక గుంటను చెత్తకుప్పగా మార్చడం మరీ ప్రమాదం. అందులో పోసిన చెత్త ఊట బావిలో పోసినట్లే. గట్లు వాలుగా సవరించి కంచె వేయకపోతే పిల్లలకు, పశువులకు ప్రాణగండం కూడా.

గ్రామస్తులూ ఊరక ఉండరాదు. తాడుకు రాయి కట్టి, బావిలో నీరు ఎంత లోతున ఉన్నదీ నెలకొకసారి కొలిచి, తేదీ వేసి పుస్తకంలో రాసుకోవాలి. క్వారీకి దగ్గరి బావిని, దూరపు బావిని ఒకే రోజున కొలవాలి. వానలు లేక తగ్గితే రెండూ తగ్గుతాయి. దగ్గరిదే ఎక్కువగా తగ్గుతుంటే తోడివేతను అనుమానించవలసిందే. ‘బావి ఎండింది’ అన్న మాట కంటే ఏడాది లెక్క ఉన్న పుస్తకానికి కార్యాలయాల్లో విలువ ఎక్కువ.

గనుల శాఖ, భూగర్భ జల శాఖ కలిసి ప్రతి క్వారీ వద్ద నీటి మట్టాన్ని కొలిచి, తవ్వకం హద్దును అందరికీ కనిపించేలా రాతి గుర్తుతో చూపవలసిన అవసరం ఎంతైనా ఉంది. గ్రావెల్ మరో చోటి నుంచి తెచ్చుకోవచ్చు. ఎండిన బావికి ఊటను టిప్పర్లో తేలేరు.