ఏడిపిస్తేనే ఛాంపియన్ అవుతాడా?

స్నూకర్ అనే ఆటకి ఆ పేరు ఎలా వచ్చిందో మీలో ఎంతమందికి తెలుసు? బాగా ప్రచారంలో ఉన్న కథ ఇది. 1875లో జబల్‌పూర్‌లో ఉన్న బ్రిటిష్ సైనికాధికారులు పొద్దుపోక బిలియర్డ్స్ బల్ల మీద అదనంగా రంగు బంతులు పెట్టుకుని ఆడుకునేవారు. ఒకరోజు ఒకాయన సులువుగా పడాల్సిన బంతిని పాకెట్‌లో వెయ్యలేకపోయాడు. నెవిల్ ఛాంబర్లేన్ అనే కుర్ర అధికారి (తర్వాతి కాలంలో ప్రధానమంత్రి అయిన ఛాంబర్లేన్ ఈయన కాదు) అతన్ని "స్నూకర్" అని వెక్కిరించాడు. ఇంగ్లండ్‌లోని వూలిచ్ సైనిక అకాడెమీలో కొత్తగా చేరిన కుర్రాళ్లని పాతవాళ్లు ఎగతాళిగా పిలిచే పేరది. మన కాలేజీ భాషలో చెప్పాలంటే "జూనియర్‌గాడు". ఆ వెక్కిరింతే ఆటకి పేరైంది. అంటే ఈ ఆట పుట్టుకలోనే ఒక ర్యాగింగ్ మాట ఉంది.

ఈ ఆటలో ప్రపంచ ఛాంపియన్ అయిన ఒక ఆటగాడు బడిలో పడ్డ బాధల గురించి అభిమానులు చెప్పుకునే మాటలు వింటుంటే ఈ కథే గుర్తొస్తుంది.

అతని పేరు షాన్ మర్ఫీ. 1982లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో క్రిస్మస్ కానుకగా వచ్చిన చిన్న బల్ల మీద ఆట మొదలుపెట్టాడు. బడిలో తోటి పిల్లలు ఏడిపించడం భరించలేని స్థితికి వచ్చాక, పదమూడేళ్ల వయసులో బడి మాని ఇంటి దగ్గరే చదువుకున్నాడు. 2005లో షెఫీల్డ్ నగరంలోని క్రూసిబుల్ థియేటర్‌లో జరిగిన ప్రపంచ పోటీలకి క్వాలిఫైయింగ్ రౌండ్లు ఆడి వచ్చాడు. పందేలు కాసేవాళ్లు అతని మీద ఇచ్చిన రేటు ఒకటికి నూటయాభై. ఆ 22 ఏళ్ల కుర్రాడు స్టీవ్ డేవిస్‌ని, పీటర్ ఎబ్డన్‌ని దాటుకుని వెళ్లి ఫైనల్లో మాథ్యూ స్టీవెన్స్‌ని 18-16తో ఓడించాడు. అలా క్వాలిఫయర్‌గా వచ్చి టైటిల్ గెలిచినవాళ్లు అంతకుముందు ఇద్దరే: 1972లో అలెక్స్ హిగ్గిన్స్, 1979లో టెర్రీ గ్రిఫిత్స్. మర్ఫీ ముద్దుపేరు "ది మెజీషియన్". అద్భుతాలంటే ఒప్పుకోని మనలాంటి వాళ్లకి ఈ పేరు కాస్త ఇబ్బందే గాని, ఈ మెజీషియన్ చేసేదంతా లైట్ల కింద, కెమెరాల ముందు, కొలతలకి లోబడి చేసే పని కాబట్టి అభ్యంతరం లేదు.

బడిలో పడ్డ బాధ గురించి మర్ఫీ దాచుకోకుండా మాట్లాడాడు. అప్పుడు స్నూకర్ అభిమానుల్లో రకరకాల మాటలు వినిపిస్తాయి. "పాపం" అనేవాళ్లని పక్కన పెడదాం, వాళ్లతో మనకి పేచీ లేదు. "మా రోజుల్లో అందరం పడ్డాం, దీనికింత గోల ఎందుకు" అనేవాళ్లు కొందరు. "అతని తీరే అంత, ఊరికే ఏడిపిస్తారా" అనేవాళ్లు మరికొందరు. అన్నిటికన్నా ఎక్కువగా, పైగా మెచ్చుకోలుగా వినిపించే మాట ఇంకొకటి ఉంది: "ఆ బాధే అతన్ని ఛాంపియన్‌ని చేసింది."

ఈ చివరి మాటతోనే నా తగాదా. వినడానికి మంచిగా ఉంటుంది కాబట్టి దీన్ని ఎవరూ ప్రశ్నించరు. మన దగ్గర కూడా దీనికి సరితూగే సామెతలాంటి మాటుంది. ఉలి దెబ్బలు తిన్న రాయే విగ్రహమవుతుందని స్కూలు వార్షికోత్సవాల్లో ముఖ్య అతిథులు చెప్పే మాట మీరూ వినే ఉంటారు. రాళ్లు చెక్కే చోటికి వెళ్లి చూసిన వాడెవడూ ఆ మాట అంత తేలిగ్గా అనలేడు. అక్కడ విగ్రహం ఒకటుంటే పగిలిన ముక్కలు గుట్టగా పడి ఉంటాయి. పైగా ఉలి పట్టినవాడికి తాను ఏం చెక్కుతున్నాడో తెలుసు, ఎక్కడ ఆపాలో తెలుసు. ఆరో తరగతి కుర్రాడి సంచి లాక్కుని మురికి కాలవలో పారేసేవాడికి ఏ శిల్పం తెలుసు?

ప్రాచీన గ్రీసులో డయాగొరస్ అనే నాస్తికుడు ఉండేవాడు. అతని గురించి సిసిరో చెప్పిన కథ హేతువాదులకి బాగా తెలిసిందే. సముద్రంలో తుఫానుకి చిక్కి, దేవుళ్లకి మొక్కుకుని బతికి బయటపడ్డవాళ్ల బొమ్మలు గుడిలో వేలాడుతుంటే, దేవుళ్లు మనల్ని పట్టించుకుంటారనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని ఒక మిత్రుడు అడిగాడట. మరి మొక్కుకుని మునిగిపోయినవాళ్ల బొమ్మలేవీ అన్నాడట డయాగొరస్. తిరుపతిలో మొక్కు తీరినవాళ్లే గుండు చేయించుకుంటారు, తీరనివాళ్ల తలల లెక్క ఎవరి దగ్గరా లేదు. ఈ తర్కం మనం మొక్కుల మీద రోజూ వాడతాం. దాన్నే ఛాంపియన్ల జీవిత కథల మీద వాడటం మాత్రం మర్చిపోతాం. బడిలో ఏడిపించబడి, చదువు మానేసి, ఏ ఆటా ఆడకుండా, ఏ పత్రికకీ ఇంటర్వ్యూ ఇవ్వకుండా ఉండిపోయినవాళ్లు ఎంతమంది? వాళ్లెవరూ టీవీకి ఎక్కరు, కాబట్టి వాళ్ల కథ మన లెక్కలోకి రాదు.

అదృష్టవశాత్తు ఈ విషయంలో లెక్క కట్టినవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని దశాబ్దాల పాటు వెంబడిస్తూ వస్తున్న పరిశోధన ఒకటుంది. వారిలో 7,771 మంది విషయంలో, ఏడేళ్లకీ పదకొండేళ్లకీ తోటి పిల్లలు ఏడిపించేవారా అని తల్లిదండ్రుల్ని అడిగిన వివరాలు ఉన్నాయి. అప్పుడప్పుడు ఏడిపించబడ్డవాళ్లు 28 శాతం, తరచుగా ఏడిపించబడ్డవాళ్లు 15 శాతం. వీళ్లంతా యాభయ్యో ఏటికి వచ్చేసరికి ఎలా ఉన్నారో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2014లో ప్రచురించారు. తరచుగా ఏడిపించబడ్డవాళ్లలో డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు మిగతావారికన్నా ఎక్కువ. ఇంట్లో పరిస్థితులు, చిన్నప్పటి తెలివితేటలు, అప్పటికే ఉన్న మానసిక ఇబ్బందులు, ఇవన్నీ లెక్కలోంచి తీసేసి చూసినా తేడా మిగిలింది. నలభై ఏళ్ల తర్వాత కూడా! "మా రోజుల్లో అందరం పడ్డాం, ఏమైంది" అనే పెద్దమనుషులకి ఇదే జవాబు. అందరూ పడలేదు. పడ్డవాళ్లలో చాలామందికి ఏదో ఒకటి అయింది.

ఇక మర్ఫీ విషయానికే వద్దాం. "బాధే ఛాంపియన్‌ని చేసింది" అనే మాటని ఒక పరికల్పనగా తీసుకుని పరీక్షిద్దాం. అతను ఆట మొదలుపెట్టింది ఎనిమిదో ఏట. బడి మానింది పదమూడో ఏట. అప్పటికే అతనికి బల్ల ఉంది, ఇష్టం ఉంది, ఆట ఉంది. బడి మానడం వల్ల ఏం మారింది? ఏడిపించేవాళ్లు తప్పుకున్నారు. రోజులో బల్ల దగ్గర గడపడానికి గంటలు మిగిలాయి. వెనక నిలబడే ఇల్లు ఉంది. అంటే కార్యకారణ సంబంధం అంటూ ఉంటే, అది బాధకీ గెలుపుకీ మధ్య కాదు, బాధ నుంచి బయటపడటానికీ గెలుపుకీ మధ్య. పొగలోంచి బయటికి లాగితే బతికినవాణ్ణి చూపించి పొగ ఊపిరితిత్తులకి మంచిదనేవాడిని మనం ఏమంటాం?

అభిమానుల వాదనలో కాస్త బలమున్న భాగం ఒకటుంది, దాన్ని దాటవెయ్యడం న్యాయం కాదు. స్నూకర్‌లో అవతలివాడు ఆడుతున్నంతసేపూ నువ్వు కుర్చీలో కూర్చుని చూడాల్సిందే. ప్రపంచ ఫైనల్ 35 ఫ్రేముల ఆట, రెండు రోజులు సాగుతుంది. గంటల తరబడి ఏమీ చెయ్యలేక, వెయ్యిమంది కళ్ల ముందు, మొహంలో ఏమీ కనబడనీయకుండా కూర్చోవాలి. బడిలో ఒంటరిగా కూర్చున్నవాడికి ఈ కుర్చీ అలవాటైపోతుందని వాళ్లంటారు. వినడానికి బాగుంది. అయితే మర్ఫీ 2005 తర్వాత మరో మూడుసార్లు ప్రపంచ ఫైనల్‌కి వెళ్లి మూడుసార్లూ ఓడిపోయాడు: 2009లో జాన్ హిగ్గిన్స్ చేతిలో, 2015లో స్టువర్ట్ బింగమ్ చేతిలో, 2021లో మార్క్ సెల్బీ చేతిలో. గెలిచినప్పుడు "చిన్నప్పటి బాధ అతన్ని రాటుదేల్చింది" అనీ, ఓడినప్పుడు "చిన్నప్పటి గాయం లోపల ఉండిపోయింది" అనీ అంటే, ఆ బాధ దేన్నీ వివరించనట్టే. జాతకాలు చెప్పేవాడు కూడా ఇలాగే చెబుతాడు. కాపురం బాగుంటే గురుబలం, బాగా లేకపోతే శనిప్రభావం.

పోలిక కోసం స్టీవ్ డేవిస్‌ని చూడండి. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆట నేర్పింది తండ్రి బిల్. జో డేవిస్ రాసిన పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని తండ్రీ కొడుకులు కలిసి సాధన చేశారు. ఇది వినడానికి చప్పగా ఉంటుంది. ఇందులో కన్నీళ్లు లేవు కాబట్టి దీన్ని ఎవరూ స్ఫూర్తి కథగా చెప్పరు. కాని ఛాంపియన్లు తయారయ్యే పద్ధతి ఎక్కువగా ఇదే: బల్ల, నేర్పేవాడు, వేల గంటలు. 2025 జనవరిలో లండన్‌లో జరిగిన మాస్టర్స్ సెమీఫైనల్లో మర్ఫీ 147 కొట్టాడు, తర్వాత టైటిల్ కూడా గెలిచాడు. 147 అంటే 36 బంతులు వరుసగా తప్పకుండా పాకెట్‌లో పడాలి. అందులో ఏ ఒక్క బంతికైనా వాటా అడిగే హక్కు చిన్నప్పుడు ఏడిపించినవాళ్లకి లేదు.

"అతని తీరే అంత" అనేవాళ్ల గురించి కూడా ఒక మాట. మర్ఫీ నచ్చనివాళ్లు అభిమానుల్లో చాలామందే ఉన్నారు. మాటకారి, తన అభిప్రాయం దాచుకోడు. 2021లో యూకే ఛాంపియన్‌షిప్‌లో సి జియాహుయ్ అనే అమెచ్యూర్ కుర్రాడి చేతిలో ఓడి, అమెచ్యూర్లని ఈ పోటీలోకి రానివ్వకూడదన్నాడు. ఆ మాట నాకూ నచ్చలేదు. కాని ముప్పై తొమ్మిదేళ్ల మనిషి అన్న మాటకి, పన్నెండేళ్ల పిల్లవాడు పడ్డ బాధ శిక్ష ఎలా అవుతుంది? మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. ఒక యువతికి కరెంటు షాకులు ఇస్తున్నట్టు నటిస్తూ కొందరికి చూపించారు. ఆపే అవకాశం లేకుండా చూస్తూ కూర్చోవాల్సి వచ్చినవాళ్లు, క్రమంగా ఆ యువతినే తక్కువ చేసి మాట్లాడటం మొదలుపెట్టారు. లోకం న్యాయంగా ఉందని నమ్మాలంటే, బాధపడేవాడిలో ఏదో తప్పుండాలి. మనకి దీనికి లెర్నర్ అక్కర్లేదు, కర్మ సిద్ధాంతం ఉంది. కుష్టురోగిని చూసి పూర్వజన్మ పాపం అన్నవాడూ, ఏడిపించబడ్డవాణ్ణి చూసి "ఊరికే ఏడిపిస్తారా" అన్నవాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. "ఆ బాధ వల్లే పైకొచ్చాడు" అనేవాడు పక్క బెంచీ. అతనిది కూడా దేవుడి లీలలాంటి వాదనే, దేవుడి పేరు మాత్రం తీసేశాడు.

భాష సంగతి కూడా గమనించాలి. మామూలు మాటల్లో దీనికి మనం వేరే మాట పెద్దగా వాడం. మేనమామ మేనల్లుణ్ణి ముద్దుగా ఆటపట్టించినా "ఏడిపించడమే", పదిమంది చేరి ఒకణ్ణి ఏడాదిపాటు నరకం చూపించినా "ఏడిపించడమే". కాలేజీకి వస్తే ర్యాగింగ్ అంటాం, దానికి 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేసింది. ర్యాగింగ్‌ని వెనకేసుకొచ్చేవాళ్లు అప్పుడూ ఇప్పుడూ అనేది ఇదే: జూనియర్లు రాటుదేలతారు, బెరుకు పోతుంది. 2009లో హిమాచల్‌ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల దెబ్బలకి చనిపోయాక యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. నార్వేలో కూడా చావులే కదిలించాయి. 1982 చివర్లో ఆ దేశపు ఉత్తర భాగంలో ముగ్గురు అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నాకే, మరుసటి ఏడాది దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. డాన్ ఓల్వియస్ అనే ఆచార్యుడు అప్పటికే పదేళ్లకు పైగా ఈ విషయం చెబుతున్నాడు. ఆయన ఇచ్చిన నిర్వచనం మనకీ పనికొస్తుంది: కావాలని చెయ్యడం, మళ్లీ మళ్లీ చెయ్యడం, బలంలో తేడా ఉండటం. మేనమామ సరదాకీ నరకానికీ తేడా ఈ మూడింటితో తేలిపోతుంది.

ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి 1996లో మరో విషయం చూపించింది. ఏడిపించేవాడూ ఏడిచేవాడూ ఇద్దరే కాదు ఈ నాటకంలో. చేతులు కలిపేవాళ్లు, పక్కన నిలబడి నవ్వేవాళ్లు, చూసీ చూడనట్టు పోయేవాళ్లు, అడ్డుపడేవాళ్లు కూడా ఉంటారు. నవ్వేవాళ్లు ఉన్నంతకాలం ఏడిపించేవాడు ఆపడు. ఆ తర్వాత ఫిన్లాండ్ బడుల్లో పెట్టిన కీవా అనే కార్యక్రమం గురి పెట్టింది ఈ చుట్టూ ఉన్నవాళ్ల మీదే. మర్ఫీ ఒంటి బరువు మీద జోకులు స్నూకర్ అభిమానులకి కొత్త కాదు. అతను బడిలో పడ్డ బాధ గురించి మాట్లాడుకుంటూ, "పాపం" అని, ఆ వెంటనే అతని పొట్ట మీద ఒక జోకు వేసి నవ్వుకునేవాళ్లు సాల్మివల్లి జాబితాలో ఎక్కడ ఉంటారో వేరే చెప్పాలా?

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడులన్నీ విద్యార్థుల మధ్య వేధింపులని అరికట్టే చర్యలు తీసుకోవాలని ఆదేశించే చట్టం 1998లో వచ్చింది. షాన్ మర్ఫీ ప్రొఫెషనల్ అయింది కూడా ఆ ఏడాదే. అప్పటికి అతను బడి వదిలి రెండు మూడేళ్లయింది. అదే బడిలో, బల్లా లేక, ఇంట్లో చదువు చెప్పించేవాళ్లూ లేక మిగిలిపోయిన పిల్లలెవరైనా ఉంటే వాళ్లకీ ఆ చట్టం ఆలస్యంగానే అందింది.