పూజారి వచ్చాడు, మాల్యా రాలేదు: నేరస్తుల అప్పగింతలో తేడా ఎక్కడ?

బ్రిటన్‌తో మనకు నేరస్తుల అప్పగింత ఒప్పందం 1992లోనే కుదిరింది. విజయ్ మాల్యా 2016 మార్చి 2న దేశం దాటారు, మళ్లీ తిరిగి రాలేదు. బెంగళూరులో ఎందరినో ఫోన్లలో బెదిరించి డబ్బు గుంజిన రవి పూజారి మాత్రం 2019 జనవరిలో సెనెగల్‌లో దొరికాడు, 2020 ఫిబ్రవరిలో పోలీసులు ఇక్కడికి పట్టుకొచ్చారు. పదమూడు నెలల పని.

ఈ రెండు పేర్లూ కలిపి చెప్పుకున్నప్పుడల్లా చిక్కపేట అంగళ్లలో వచ్చే మాట ఒకటే: డబ్బున్నవాడికి ఒక న్యాయం, లేనివాడికి ఇంకో న్యాయం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఖరీదైన లాయర్లుంటే ఏళ్లు సాగదీయవచ్చు. అయితే అంతా అదే కాదు.

ఒప్పందం ఉన్నంత మాత్రాన అడగగానే మనిషిని అప్పగించరు. ఆ పని రెండు దేశాల్లోనూ నేరమై ఉండాలి. బ్రిటన్ లాంటి చోట ప్రాథమిక ఆధారాలు అక్కడి జడ్జికి సరిపోవాలి. ఏ కేసు చెప్పి తెస్తామో ఆ కేసే నడపాలి, కొత్తది పెట్టాలంటే మళ్లీ ఆ దేశం అనుమతి కావాలి.

నిజానికి మాల్యా విషయంలో మనవాళ్లు కోర్టుల్లో ఓడిపోలేదు. 2018 డిసెంబర్ 10న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కోర్టు అప్పగించవచ్చని తీర్పిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆయన అప్పీలు కొట్టేసింది. మే 14న సుప్రీంకోర్టుకు వెళ్లే అనుమతి కూడా నిరాకరించింది. మామూలుగా అయితే 28 రోజుల్లో విమానం ఎక్కించాలి. అక్కడ బయటికి చెప్పని న్యాయపరమైన అంశం ఒకటి అడ్డుపడిందని బ్రిటన్ ప్రభుత్వం అంటోంది.

మన జైళ్ల సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. ముంబై ఆర్థర్ రోడ్ జైలు పన్నెండో బ్యారక్‌లో గాలీ వెలుతురూ ఉన్నాయని చూపడానికి మన ప్రభుత్వం వీడియో తీసి లండన్ జడ్జికి పంపాల్సి వచ్చింది. మాల్యా కేసులో అది పనిచేసింది. ఆయుధాల వ్యాపారి సంజయ్ భండారీ కేసులో మన హామీలు పనిచేయలేదు. తీహార్‌లో ఆయనకు బెదిరింపులు, హింస తప్పవన్న కారణం కూడా చూపి లండన్ హైకోర్టు 2025 ఫిబ్రవరి 28న అప్పగింతకు ఒప్పుకోలేదు. ఖైదీలను కిక్కిరిసి కుక్కితే మనకెందుకులే అనుకుంటాం. ఆ లెక్క ఇలా తిరిగొస్తోంది.

ఇవన్నీ అసలు విమానాశ్రయంలోనే తేలిపోవాల్సినవి. మాల్యా కనిపిస్తే ఆపాలని 2015 అక్టోబర్‌లో ఇచ్చిన లుకౌట్ సర్క్యులర్‌ను మరుసటి నెలలోనే ‘సమాచారం ఇస్తే చాలు’ అని సీబీఐ మార్చింది. అది పొరపాటు నిర్ణయమని తర్వాత సంస్థే చెప్పుకుంది. ఆ ఒక్క మార్పుకు ఇన్నేళ్లుగా మూల్యం కడుతున్నాం.

మరి డబ్బు? మనవాళ్లకు ముఖ్యమైన ప్రశ్న ఇదే. మాల్యా రాకపోయినా ఆయన ఆస్తుల నుంచి ప్రభుత్వ బ్యాంకులకు రూ.14,131.6 కోట్లు చేరాయని 2024 డిసెంబర్‌లో ఆర్థిక మంత్రి లోక్‌సభలో చెప్పారు. తాను బాకీ ఉన్నదని ట్రిబ్యునల్ తేల్చింది రూ.6,203 కోట్లేనని, లెక్కలు చూపించాలని మాల్యా కర్ణాటక హైకోర్టుకు వెళ్లారు. ఆ అంకెకు వడ్డీ వేరే ఉందన్న సంగతి ఆయన అంత గట్టిగా చెప్పరు.

ఐఎంఏ కథ దీనికి తలకిందులు. 2019 జూన్‌లో దుబాయ్ వెళ్లిన మన్సూర్ ఖాన్ జూలై 19న ఢిల్లీలో దిగగానే ఈడీ పట్టుకుంది. అప్పగింత కేసే అవసరం పడలేదు. మనిషి నలభై రోజుల్లో వచ్చాడు గానీ, నగలు అమ్మి దాచుకున్న ఇళ్లకు పోయిన సొమ్మంతా తిరిగి రాలేదు. జప్తు చేసిన ఆస్తులు అమ్మితే ఎంత వస్తుందో అంతే.

పరారైన ఆర్థిక నేరగాళ్ల కోసం 2018లో చేసిన చట్టం రూ.100 కోట్లు, ఆపైన మోసాలకే వర్తిస్తుంది. మన వీధుల్లో చీటీ ఎగ్గొట్టేవాళ్లు చాలావరకు దాని కిందికి రారు. వాళ్లకు డిపాజిటర్ల రక్షణకు 2004లో వచ్చిన కర్ణాటక చట్టం, 1982 చిట్ ఫండ్స్ చట్టం, పోలీసు కేసు ఉన్నాయి. లుకౌట్ సర్క్యులర్ కోరాల్సింది దర్యాప్తు సంస్థే, అదీ సాధారణంగా కేసు నమోదయ్యాకే. మన దగ్గర జరిగేది వేరు. పరువు పోతుందని, ఉన్నది కూడా రాదేమోనని, ముందు పెద్దమనుషుల దగ్గర నెలా రెండు నెలలు నడిపిస్తాం. పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాడికి అంత సమయం అక్కర్లేదు.

రిజిస్టరైన చీటీలో నిర్వాహకుడు చీటీ మొత్తానికి సరిపడా పూచీ ముందే రిజిస్ట్రార్ పేరిట ఉంచాలి. ఆయన దుబాయ్ వెళ్లినా లండన్ వెళ్లినా ఆ పూచీ ఇక్కడే ఉంటుంది.