మన పిల్లలు ఎవరిని నమ్మి చూస్తున్నారు?



ఖమ్మం, సూర్యాపేట, నల్లగొండ వైపు నుంచి హైదరాబాద్ పోయే మన వాళ్లకు ఎల్బీనగర్ అంటే పట్నం గుమ్మం. అక్కడ బస్సు దిగి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో చేరిన పిల్లలు మన ఊళ్లలో ప్రతి వీధికీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. కొందరు గ్రూప్స్‌కు చదువుతున్నారు, కొందరు బ్యాంకు పరీక్షలకు, కొందరు సాఫ్ట్‌వేర్ కోర్సులకు. ఆదివారం కూడిక అయ్యాక వాళ్ల తల్లిదండ్రులు చెప్పే మాట దాదాపు ఒకటే. "అయ్యగారూ, వాడు ఎప్పుడు చూసినా ఫోన్‌లోనే ఉంటాడు." ఈ విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. దయచేసి చివరిదాకా చదవండి.

ముందు సినిమా హాలు సంగతి చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లో దారి చెప్పాలంటే కోణార్క్ దగ్గర, వెంకటాద్రి పక్కన, గంగ ఎదురుగా అని చెప్పుకునే కాలం ఒకటి ఉండేది. 2013 ఫిబ్రవరి 21న అక్కడ బాంబులు పేలిన రోజు వార్తల్లో కూడా ఆ చోటును థియేటర్ల పేర్లతోనే గుర్తు చెప్పారు. ఇప్పుడు పిల్లలు మెట్రో స్టేషన్ పేరు, పిల్లర్ నంబరు చెబుతారు. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ థియేటర్లను జనం రావట్లేదని పది రోజుల పాటు మూసేశారు. ఎన్నికలు, ఐపీఎల్ అని యజమానులు కారణాలు చెప్పారు. అవి కొంత నిజమే. అయితే వేరే లెక్క కూడా ఉంది.

2021 డిసెంబరులో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఏసీ థియేటర్‌లో టికెట్ 150 రూపాయల దాకా, మల్టీప్లెక్స్‌లో 250 దాకా, పైన జీఎస్టీ. పెద్ద సినిమా వచ్చిందంటే ఆ హద్దు కూడా ఉండదు. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ముందస్తు ఆటకు టికెట్ మీద అదనంగా 800 రూపాయలు తీసుకోవడానికి అనుమతి దొరికింది. ఆ రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాట జరిగింది. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి పిల్లలతో సినిమాకు వెళ్లిన ఒక తల్లి ప్రాణం పోగొట్టుకుంది. ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక బెనిఫిట్ షోలు ఉండవని ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. మరుసటి నెల సంక్రాంతి సినిమాకు మళ్లీ రేటు పెంచుకోనిచ్చారు, కొద్ది రోజులకే వెనక్కి తీసుకున్నారు. నెలకు ఇంటి నుంచి ఐదారు వేలు తెప్పించుకునే హాస్టల్ కుర్రవాడు ఈ వ్యవహారమంతా చూసి ఫోన్ తీశాడంటే తప్పెవరిది?

ఫోన్ కూడా ఊరికే చేతికి రాలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. మియాపూర్ వరకు 29 కిలోమీటర్లు, ఒక ఎపిసోడ్ పూర్తయ్యేంత దూరం. 2020లో 'ఆహా' మొదలైన రోజుల్లోనే లాక్‌డౌన్ పడి ఊరంతా ఇంట్లో కూర్చుంది. ఈ మూడింటి తర్వాత మన వాళ్ల అభిరుచి మారకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఎటు మారిందో గమనించండి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలిపని చేసుకున్న గంగవ్వను 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానెల్ రాష్ట్రమంతటికీ చూపించింది. మన ఇంటి ముసలమ్మ మాట్లాడినట్టే మాట్లాడుతుంది కాబట్టే జనం చూశారు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన 'నైంటీస్' సిరీస్‌లో నాయకుడు లెక్కల మాస్టారు, ఖర్చు చూసి చూసి పెట్టే తండ్రి. అందులో పెద్ద కొడుకుగా వేసిన మౌళి యూట్యూబ్ వీడియోల నుంచి వచ్చినవాడే. అతనే 2025 సెప్టెంబరులో 'లిటిల్ హార్ట్స్' సినిమాకు హీరో అయ్యాడు. ఎంసెట్ తప్పి కోచింగ్‌లో చేరిన కుర్రవాడి కథ అది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ కథ ఎవరికి తగలదు చెప్పండి? పెద్ద స్టార్ లేకపోయినా ఆ సినిమాకు హాళ్లు నిండాయి. అంటే జనం థియేటర్‌ను వదిలేయలేదు. తమను పట్టించుకోని కథను వదిలేశారు. పిల్లల అభిరుచి చెడిపోయిందనే మాట నేను ఒప్పుకోను. కొన్ని విషయాల్లో మన తరం కన్నా వాళ్లదే మెరుగు.

'బలగం' సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2023 మార్చి 3న విడుదలై, మూడు వారాలకే ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. చేతిలో ఫోన్ ఉన్నా జనం ఊరి మధ్య తెర కట్టుకుని, చాపలు పరుచుకుని, అందరూ కలిసి చూశారు. అనుమతి లేని ప్రదర్శనలని నిర్మాతలు పోలీసులకు ఫిర్యాదు చేశారు, వారి నష్టం వారిది. పిట్టకు పెట్టే ఆచారం మన ఇళ్లలో లేదు. అయినా మన వాళ్లూ ఏడ్చారు. విందులో నల్లిబొక్క వేయలేదని బావ, బావమరిది ఏళ్ల తరబడి మాట్లాడుకోకపోవడం మనకు తెలియని సంగతా? సినిమా చూశాక విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పత్రికల్లో వచ్చింది. పక్కన అన్న కూర్చుని ఉండగా చూశారు కాబట్టే అది జరిగిందని నేననుకుంటాను. అదే సినిమా హాస్టల్ గదిలో పై మంచం మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తే ఏడుపు వస్తుంది గానీ, లేచి ఎవరి దగ్గరికి పోతాడు?

నాకు దిగులు కలిగించేది ఇక్కడే. సినిమా హీరో దూరంగా ఉండేవాడు. అభిమానించినా, మన ఇంటి మనిషి కాదని తెలుసు. ఫోన్‌లో మాట్లాడేవాడు రోజూ కనిపిస్తాడు, "అన్నా, తమ్మీ" అంటాడు, తన అప్పులూ పెళ్లీ కూడా చెబుతాడు. గదిలో ఒంటరిగా ఉన్న పిల్లవాడికి అతడు నిజంగానే అన్న అవుతాడు. ఆ చనువును బెట్టింగ్ యాప్‌లు కొనుక్కున్నాయి. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ గారు దీనిపై గట్టిగా ప్రచారం చేశారు. 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, నటుల మీద కేసులు పెట్టారు. ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కానీ ఫీజు కోసం పంపిన డబ్బు యాప్‌లో పోగొట్టుకున్న పిల్లవాడు ఇంటికి ఫోన్ చేసి ఆ మాట చెప్పగలడా? "ఎప్పుడు చూసినా ఫోనే" అని తిట్టే నాన్నకు అస్సలు చెప్పడు.

అందుకే తల్లిదండ్రులకు నా మనవి. దసరా సెలవులకు పిల్లలు ఎల్బీనగర్‌లో బస్సెక్కి వస్తారు. వచ్చిన రోజే ఫోన్ లాక్కోకండి. వాళ్లు రోజూ చూసే ఆ నలుగురైదుగురు ఎవరో చూపించమని పక్కన కూర్చోండి. నవ్వొస్తే మీరూ నవ్వండి, అర్థం కాకపోతే అడగండి. ఇతడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందిరా అని కూడా అడగండి, పిల్లలకు చాలావరకు తెలుసు. రాత్రి భోజనాలయ్యాక వాళ్లు ఎంచిన సినిమా ఒకటి ఇంట్లో అందరూ చూడండి. అవ్వకు కళ్లు సరిగా కనబడకపోతే మనవడు పక్కన కూర్చుని కథ చెబుతాడు. యాప్‌లో డబ్బులేమైనా పెట్టావా అనే ప్రశ్న మొదటి రోజు వద్దు. రెండో రోజో, మూడో రోజో, పొలం గట్టు మీద మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి. పెట్టానంటే కేకలు వేయకుండా ముందు ఎంతో కనుక్కోండి.