అత్తయ్య కలల పద్దు

మా మేనత్తకు చావులు కలలో ముందుగా తెలుస్తాయని మా ఇంట్లో అందరికీ నమ్మకం. మామూలు నమ్మకం కాదు. తెల్లవారగానే ఆవిడ కాఫీ ముట్టకుండా వంటింటి గుమ్మంలో కూచుంటే చాలు, మా నాన్నగారు చుట్టాల్లో ముసలివాళ్ల పేర్లన్నీ మనసులో ఒకసారి తిప్పుకునేవారు. మా తాతయ్య పోయిన రాత్రి పెరటి బావి గిలక విరిగి పడ్డట్టు ఆవిడకు కల వచ్చిందట. ఇలాంటివి ఆవిడ ఖాతాలో ఏడెనిమిది వున్నాయి. పెళ్లిలోనూ, తద్దినంలోనూ అవే మళ్లీ మళ్లీ చెప్పుకునేవాళ్లం. చెప్పుకున్నకొద్దీ కల కాస్త స్పష్టపడేది సుమండీ. మొదట గిలకే విరిగింది. నాకు పెళ్లయ్యేనాటికి చేద కూడా బావిలో పడిపోయింది.

నాకు లెక్కల పిచ్చి. ఒక సంక్రాంతికి రెండువందల పేజీల నోటుపుస్తకం కొని ఆవిడ చేతిలో పెట్టాను.

"అత్తయ్యా, కల వచ్చిన ఉదయమే తేదీ వేసి రాసిపెట్టు. ఏం జరిగిందో తెలిశాక కాదు, తెలియకముందే. నిజమైనవీ, కానివీ అన్నీ రాయాలి."

"నన్ను పరీక్ష చేస్తావుట్రా?" అని నవ్వింది. కాని పుస్తకం పుచ్చుకుంది.

ఆ పుస్తకం సంగతి చివర చెబుతాను. లెక్క రాయాలన్న ఈ బుద్ధి నా సొంతం కాదు. 1882లో లండనులో అతీంద్రియ శక్తుల పరిశోధన కోసం పెద్దలు కొందరు ఒక సంఘం పెట్టారు. వాళ్లు 17,000 మందిని ఒకే ప్రశ్న అడిగారు: పూర్తిగా మెలకువగా వున్నప్పుడు, ఎదట లేని మనిషి ఎదట వున్నట్టు మీకెప్పుడైనా కనిపించడం గాని, గొంతు వినిపించడం గాని జరిగిందా? రమారమి పదిమందిలో ఒకరు అవునన్నారు. 1894లో ఫలితం ప్రకటించారు. మనిషి పోయిన 12 గంటల అటూ ఇటూలో ఆ మనిషే కనిపించిన సందర్భాలు, ఊరికే కాకతాళీయంగా జరగవలసినవాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వున్నాయన్నారు. చిక్కల్లా ఏమిటంటే, చాలామంది ఏళ్లు గడిచాక జ్ఞాపకం మీద చెప్పినవాళ్లు. చావుతో కలిసినది గుర్తుంటుంది, కలవనిది మరుపున పడుతుంది. ఆ సంగతి సంఘం వారికీ తెలుసు, దానికి లెక్కలో సర్దుబాటు కూడా చేశారు. కాని మరచిపోయినవాటిని ఎవరు లెక్కపెట్టగలరు?

అంచేతనే అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రైన్ అనే ఆచార్యుడు కలలూ దయ్యాలూ వదిలేసి పేకముక్కలు పట్టుకున్నాడు. కట్టకు 25 ముక్కలు. చక్రం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కొక్కటి అయిదేసి. కళ్లు మూసుకుని చెప్పినా సగటున అయిదు సరిపోతాయి. అంతకు మించి ఎన్ని వచ్చాయన్నదే ప్రశ్న. ఇందులో తప్పు చెప్పినదీ కాగితం మీదికి ఎక్కుతుంది చూశారా, అదీ అసలు లాభం. 1933–34లో హ్యూబర్ట్ పియర్స్ అనే విద్యార్థి గ్రంథాలయంలో కూచుని, వేరే భవనంలో ప్రాట్ అనే పరిశోధకుడు తీసిపెడుతున్న ముక్కల్ని ఊహించి రాశాడు. 1,850 ఊహలకు 370 ఒప్పులు రావాలి, 558 వచ్చాయి. ప్రపంచమంతా నోరు తెరిచింది. తరవాత హాన్సెల్ అనే ఆయన ఆ భవనాలను స్వయంగా చూసివచ్చి, పియర్స్ గ్రంథాలయంలోనే వున్నాడని చూసినవాళ్లెవరు అని అడిగాడు. ఎవరూ లేరు. పియర్స్ మోసం చేశాడని దీంతో రుజువు కాలేదు, చెయ్యలేదనీ రుజువు కాలేదు.

అన్నట్టు ఈ విద్యకు మనతో చుట్టరికం వుంది. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావుగారే 1960ల చివర విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, మనస్తత్వశాస్త్రంతోపాటు దీనికీ ఒక శాఖ నెలకొల్పారు. తరవాత ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి కూడా అయ్యారు.

ఇంతకీ నాకు నిద్ర పట్టకుండా చేసిన కథ లండనుది. అక్కడ గణితం బోధించే శామ్యూల్ సోల్‌కు రైన్ మాటలంటే అపనమ్మకం. 1934 నుంచి 1939 దాకా 160 మందిని కూచోబెట్టి 1,28,350 ఊహలు రాయించాడు. ఫలితం సున్న. అయిదేళ్లు ఓపికగా సున్న రాసుకున్న మనిషిని మనం గౌరవించాలి. అప్పుడు కారింగ్టన్ అనే మిత్రుడు ఒక మాటన్నాడు: ఎదుటి ముక్కతో కాక, దాని ముందు ముక్కతోనో తరవాతి ముక్కతోనో సరిచూడు. పాత కాగితాలు తిరగేస్తే ఇద్దరు తేలారు. బాణం వేశాక గురి జరిపితే తగలక ఏమవుతుంది అని మీరనవచ్చు. సోల్ కూడా అందుకే కొత్తగా పరీక్షలు పెట్టాడు. 1941–43లో, యుద్ధం మధ్య, షాకిల్టన్ అనే ఫొటోగ్రాఫరు సింహం, ఏనుగు, జిరాఫీ, చారలగుర్రం, గూడబాతు బొమ్మల్లో రాబోయే దాన్ని ముందే చెప్పాడు. ఇది అదృష్టం కావడానికి అవకాశం, 1 పక్కన 35 సున్నలు వేసి, అందులో ఒక వంతట!

కాని ఒక పరీక్షలో సహాయపడిన ఒకామె, సోల్ 1 అంకెల్ని 4, 5గా దిద్దుతుండగా కళ్లారా చూశానన్నది. మూల కాగితాలు తెమ్మంటే, అవి రైల్లో పోయాయన్నాడు సోల్. మిగిలినవి నకళ్లు. ఆయన 1975లో పోయాడు. బెట్టీ మార్క్‌విక్ అనే ఆవిడ ఆయన మీది మచ్చ చెరపాలన్న ఆశతోనే ఆ నకళ్లు ముందు వేసుకుంది. ఏ బొమ్మ రావాలో నిర్ణయించే అంకెల వరసలు కొన్ని, అంతకుముందు వాడినవే మళ్లీ కనిపించాయి. అలా తిరిగివచ్చిన వరసల్లో అక్కడక్కడ ఒక అంకె అదనంగా ఇరికించి వుంది. ఇరికించినచోటల్లా దాదాపుగా ఒప్పే. వాటిని తీసేస్తే షాకిల్టన్ మనలాంటివాడే! 1978లో ఆ సంగతి అచ్చయింది.

రైన్ ఇంట్లోనూ ఇదే జరిగింది. ఆయన సంస్థకు డైరెక్టరుగా వున్న వాల్టర్ లెవీ మీద 1974లో తోటివారికే అనుమానం వచ్చి, అతనికి తెలియకుండా యంత్రానికి ఇంకొక తీగ కలిపి, రెండో లెక్క రాయించారు. అతని లెక్కలో విశేషం వుంది, రెండో లెక్కలో లేదు. పట్టుకున్నది బయటి విమర్శకులు కాదు, ఆ సంస్థలోని కుర్రవాళ్లే. రైన్ తన పత్రికలోనే ఆ సంగతి వేశాడు. ఆ ముసలాయనకు అది ఎంత కష్టమై వుంటుందో!

ఇక మా అత్తయ్య పద్దు. పధ్నాలుగు నెలలు రాసింది. మొత్తం 63 కలలు. ఎక్కువ భాగం తప్పిపోయిన రైళ్లూ, పొంగిపోయిన పాలూను. ఆ కాలంలో మా చుట్టాల్లో ముగ్గురు పోయారు. ఆ మూడోవారు మా నాన్నగారు, అంటే ఆవిడ తమ్ముడు.

పన్నెండు రోజులూ అయ్యాక ఆవిడే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి ఇద్దరికీ పద్దులో ఏమీ లేదు. మా నాన్నగారు పోవడానికి రెండు రోజుల ముందు తేదీ దగ్గర, రెండు పంక్తుల నడుమ, చిన్న అక్షరాలతో, "తమ్ముడు తెల్లపంచె కట్టుకుని నన్ను పిలవకుండా వెళ్లిపోయాడు" అని వుంది. పుస్తకమంతా నల్లసిరా. ఆ ఒక్క పంక్తీ నీలం.

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"వుందిట్రా?" అన్నది.

"వుంది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. నేను ఆ పేజీ అంచున 63 కొట్టేసి 62 అని రాశాను. తరవాత పుస్తకం బీరువాలో, ఆవిడకు అందని పై అరలో పెట్టేశాను.