బల్లమీది మనిషి బల్లముందునకు రావలెను

సూర్యాపేట నుండి ఖమ్మమునకు పోవు బస్సును మోతెలో దిగి రాఘవాపురము దారి పట్టినవారు, చుట్టును చేలు పరచుకొన్న ఆ నేలలో 70 ఎకరముల చిక్కని అడవిని చూచి ఆశ్చర్యపడుదురు. దుశ్చర్ల సత్యనారాయణ తన సొంతభూమిని చెట్లకును పిట్టలకును విడిచి పెంచిన అడవి యది. పత్రికలవారును విద్యార్థులును దానిని చూడబోవుచున్నారు, మంచిదే. అయితే ఆ మనిషియే ఒకప్పుడు బ్యాంకు ఉద్యోగమును వదలి, జలసాధన సమితిని నెలకొల్పి, ఫ్లోరైడు నీళ్లు త్రాగి ఎముకలు వంగిపోయిన నల్లగొండ జిల్లావారి పక్షమున ఊరూర తిరిగిన సంగతి ఆ అడవి చాటున పడిపోయినట్లు నాకు తోచుచున్నది. వికలాంగుల కొరకు పల్లెలలో కూటమి కట్టుట యెట్లని యోచించువారు, దూరదేశముల గ్రంథములను తిరుగవేయుటకు ముందు, ఈ మోతె మండలపు మనిషి నడిపిన ఉద్యమమును, దాని గెలుపుతోపాటు దాని లోపమునుగూడ, ఒకమారు పరిశీలింపవలెను.

నల్లగొండ కష్టము రాతిలో పుట్టినది. గ్రానైటు పొరలలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరగి, బావులెండి బోర్లు లోతునకు దిగినకొలది కుండలోనికి మరింతగా చేరెను. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీరు త్రాగరాదని ప్రమాణము. మించిన నీటినే ఏండ్లకేండ్లు త్రాగుటచే పిల్లల పండ్లు గారపట్టెను, కాళ్లు దొడ్డికాళ్లయ్యెను, నడుము వంగి, మెడ తిరుగక, నడివయసుననే ముదిమి మీదపడెను. పటికయు సున్నమును కలిపి ఆ నీటిని శుద్ధిచేయు విధానమును నాగపురమందలి నీరీ సంస్థ రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టినది; పేరు ఆఫ్రికాదేశముల వరకు పోయినది గాని, పక్కనే పారు కృష్ణ నీరు మాత్రము ఆ పల్లెల బిందెలలోనికి రాలేదు.

అందుచేతనే 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో పెక్కురకు గెలువవలెనను ఆశ లేదు, తమ నీళ్లగోడు ఢిల్లీకి వినబడవలెనను పట్టుదలయే కలదు. కాగితపు ఓట్ల కాలము కనుక ఓటరు చేతిలో పుస్తకమంత బ్యాలెట్టు పెట్టవలసివచ్చెను. గెలిచినవారు సూర్యాపేట గడ్డపై పుట్టిన కమ్యూనిస్టు యోధుడు బొమ్మగాని ధర్మభిక్షము. ఆ యేడే తమిళనాట మొడక్కురిచ్చి శాసనసభాస్థానమున 1,033 మంది నిలిచిరి. ఇట్టి విడ్డూరములకు పాలకులు కనుగొన్న మందేమనగా, లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 నుండి 10,000 రూపాయలకు పెంచుట! దాహమన్నవానికి గ్లాసు ధర చెప్పినట్లైనది.

సత్యనారాయణ కట్టిన ఆ నీళ్ల కూటమి అంత బలముగా నిలుచుటకు కారణము దయ కాదు. వంగిన నడుమువాడును నిటారుగా నిలిచినవాడును ఒకే చేదబావి నీళ్లు త్రాగుచుండిరి. నేటి పొరుగువాని కాళ్లలో తన బిడ్డ రేపటి కాళ్లను చూచుకొన్న రైతు తానై కదలివచ్చెను. అయితే దాని లోపమును అక్కడనే ఉన్నది. అది దప్పికవారి కూటమి, వికలాంగుల కూటమి కాదు. కాలక్రమమున కృష్ణ నీరు వచ్చినది, మిషన్ భగీరథ నల్లాలు ఇంటిముందర వెలిసినవి; నీళ్లకు వచ్చినవారు నీళ్లతో ఇండ్లకు పోయిరి. ఒకమారు వంగిన ఎముక మంచినీళ్లకు మరల చక్కబడదు గదా. ఏరు దాటి తెప్ప తగులబెట్టిరని వారిని నిందింపను. కాని తెప్పమీదనే మిగిలిపోయినవారు కొందరున్నారు.

ఫ్లోరైడుచే దేహము వంగిపోయిన మర్రిగూడ మండలము శివన్నగూడెపు అంశల స్వామిని జలసాధన సమితివారు 2003లో ఢిల్లీకి తీసికొనిపోయి ప్రధాని వాజపేయి ముందర బల్లపై పరుండబెట్టిన ఘట్టము తెలుగునాట పెక్కురకు జ్ఞాపకమే. ఏ నివేదికయు చెప్పలేనిదానిని ఆ చిన్నదేహము ఒక్క క్షణమున చెప్పినది. 2023 జనవరిలో ఆయన మరణించునాటికి జిల్లాలో ఫ్లోరైడు పీడ తొలగినదని ప్రకటనలు వెలువడియుండెను. ఆ బల్ల నా మనస్సును విడువదు. సాక్ష్యముగా బల్లమీదికి ఎక్కింపబడిన మనిషికి, ఆ బల్లముందు కుర్చీ వేసి, నీకేమి కావలెనని అడిగిన సభలు ఈ దేశమున ఎన్ని? జలసాధన సమితిని తప్పుపట్టుటకు కాదు, మనము చేయవలసిన తరువాతి పని యెక్కడ ఆరంభమగునో చెప్పుటకే ఈ మాట.

ఈ ప్రాంతమున ఒక పంచాయతీ కార్యాలయము నెరుగుదును. మూడు మెట్లు, పక్కన సిమెంటుతో పోసిన ర్యాంపు. అది ఎంత నిట్రముగా నున్నదనగా దానిపై మూడుచక్రముల బండి ఎక్కదు, ఎక్కినను పైన తిరుగుటకు జాగా లేదు. క్రింది కొన మురికికాలువలోనికి దిగును. నేను పోయిననాడు దానిపై రెండు మోటారుసైకిళ్లు నిలిపి యుండెను. పోలియో కాలిని చేతితో ఎత్తి మెట్టుమీద పెట్టుకొనుచు ఎక్కుచున్న ఒక నడివయస్కుని, ర్యాంపు ఉన్నది కదా యంటిని. ఆయన నవ్వి, "అది బిల్లు కోసం కట్టింది సారూ, మా కోసం కాదు" అనెను. వికలాంగుల హక్కుల 2016 చట్టము, అంతకు ముందరి 1995 చట్టపు 7 వైకల్యములను 21కి పెంచినది. ప్రతి జిల్లాకును వికలాంగుల కమిటీ యుండవలెననియు, పేదరిక నిర్మూలన పథకములలో వారికి 5 శాతము దక్కవలెననియు శాసించినది. ఆ చట్టము మెట్లదాక వచ్చి ఆగినది. నడుమ 'దివ్యాంగులు' అను పేరొకటి వచ్చినది. మెట్లు మూడు మూడుగానే ఉన్నవి.

2011 జనగణన ప్రకారము దేశమున వికలాంగులు 2.68 కోట్లు, అనగా 2.21 శాతము. ఆ లెక్కన 3,000 జనమున్న ఊరిలో 66 మంది. సర్పంచి ఎన్నిక అంతకంటె తక్కువ ఓట్లతో తేలిన ఊళ్లు కొల్లలు. కాని ఆ 66 మంది 66 ఇండ్లలో నున్నారు. వారు కలిసికొను చోటు వైకల్యశాతమును తేల్చు సదరం క్యాంపు ఒక్కటే, అక్కడనైనను పలకరింపు "నీకెంత పర్సంటేజి వచ్చింది?" అనియే. 40 వచ్చినవాడు పింఛనుకు, 38 వచ్చినవాడు ఇంటికి. చూపులేనివాని కష్టము చెవిటివానికి తెలియదు. మనోవైకల్యముగల బిడ్డ తల్లి ఇరువురి లెక్కలోను లేదు. వికలాంగుల హక్కుల పోరాట సమితి వంటి రాష్ట్రస్థాయి సంఘములు పింఛను కొరకు పోరాడకపోలేదు; 2014లో 1,500గా నున్న తెలంగాణ పింఛను 2019లో 3,016, 2023లో 4,016 రూపాయలైనది. అది చిన్న విషయము కాదు. అయినను పింఛను ఇంటికి వచ్చును, ఇల్లు కదలదు. ఆ మెట్లను, ఊరి బడిని, బస్సును పట్టించుకొనవలసినది ఊరి కూటమియే.

అందు ఎవరుండవలెను? ఏ ఇంటిలో ఎవరున్నారో ఎరిగిన ఆశా కార్యకర్త, పొదుపు లెక్కలలో ఆరితేరిన గ్రామైక్య సంఘము ఆడువారు, ఉపాధిహామీ మేట్లు, పింఛనుదారుని ఎక్కించుకొనిపోవు ఆటోవాడు. చెట్టుమీదినుండి పడిన గీతకార్మికుడును, కోతయంత్రములో చేయి పోయిన కూలియు ఈ కూటమికి నిన్న బయటివారు, నేడు లోపలివారు; ఫ్లోరైడు నీటివలెనే వైకల్యముగూడ అందరి ముంగిటికి రాగలదని ఊరు గ్రహించినచో కూటమి నిలుచును. కాని అధ్యక్షస్థానమున మాత్రము వికలాంగులే యుండవలెను. శాలువలు కప్పి ట్రైసైకిళ్లు పంచి ఫోటో దిగిపోవు దాతలకు అది రుచింపకపోవచ్చును.

దాతలనిన జ్ఞప్తికి వచ్చినది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీలో ముగ్గురు కోఆప్షన్ సభ్యులకు చోటిచ్చినది: గ్రామైక్య సంఘపు అధ్యక్షురాలు, విశ్రాంత ఉద్యోగి లేక వయోవృద్ధుడు, ఊరికి విరాళమిచ్చిన దాత. ఇచ్చువానికి కుర్చీ కలదు, అడుగువానికి లేదు. ఛత్తీస్‌గఢ్ 2019లోనే పంచాయతీలలో వికలాంగునికి చోటు కల్పింప నిర్ణయించెను. 2025లో తమిళనాడు స్థానికసంస్థలలో వికలాంగులను నామినేటు చేయుటకు శాసనము తెచ్చెను. మోతె మండలపు పంచాయతీలు తీర్మానములు చేసి హైదరాబాదునకు పంపినచో నాలుగవ కుర్చీ అడుగుట అసాధ్యమేమియు కాదు. అది వచ్చులోపల గ్రామసభను ఆ మూడు మెట్లక్రిందనే, వేపచెట్టు నీడన జరుపుకొనవచ్చును. కుర్చీలను మోసికొని దిగుట, కాళ్లున్నవారికి పెద్దపని కాదు.