సీసా మీది మూడు మాటలు

గత నెలలో ఒక జుమా నమాజు తర్వాత మా పాత శిష్యులొకరు మమ్మల్ని కలిశారు. ముప్పై ఏళ్ల క్రితం, మేము మదరసాలో అధ్యాపకులుగా చేరిన కొత్తలో చదువుకున్నవారు. వారి అమ్మాయి హైదరాబాదులో బయోటెక్నాలజీ ఎం.ఎస్సీ. చదువుతోంది.

"హజ్రత్, అమ్మాయి ప్రయోగశాలలో రోజూ మానవ ప్రోటీన్ తో పని చేస్తోందట. మనిషి దేహం నుంచి తీసిన వస్తువుతో అలా చేయవచ్చా? చదువు మాన్పించమని ఇంట్లో పెద్దలు పట్టుబడుతున్నారు" అన్నారు.

జవాబు మా నాలుక చివరికి వచ్చేసిన మాట వాస్తవం. మానవ దేహం గౌరవనీయమైనదని, అది అమ్మకపు సరుకు కారాదని మేము చదువుకున్నాము, చదువు చెబుతున్నాము. అయితే ఒక వస్తువు స్వరూపం తెలియనిదే దానిపై తీర్పు చెప్పరాదని విద్యార్థులకు నేర్పేదీ మేమే. ఆ సీసాలో ఏముందో మాకు తెలియదు. అందుచేత అమ్మాయిని వెంటబెట్టుకుని రమ్మన్నాము.

ఆదివారం తండ్రీకూతుళ్లు వచ్చారు. ఆ అమ్మాయి ఫోనులో సీసా ఫోటో చూపింది. దాని మీద ముఖ్యమైన మాటలు మూడే: 'మానవ లైసోజైమ్', 'రీకాంబినెంట్', 'పరిశోధనకు మాత్రమే'.

మొదటి మాట. లైసోజైమ్ మన రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక ఎంజైము. తర్వాతి కాలంలో పెన్సిలిన్ ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగే 1921లో, జలుబుతో బాధపడుతూ, తన ముక్కు స్రావం సూక్ష్మజీవులను కరిగించివేయడం గమనించారు. 1922లో దానిని లోకానికి వెల్లడించారు. బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడను ఈ ఎంజైము తెగగొడుతుంది. గోడ తెగితే ఆ జీవి పగిలిపోతుంది. మన కన్నీటిలో, లాలాజలంలో, తల్లిపాలలో ఇది ఉంటుంది. ఆవుపాలలో కంటే తల్లిపాలలో వెయ్యి రెట్లకు మించి ఉంటుందని విన్నప్పుడు మా నోట 'సుబ్ హానల్లాహ్' అన్న మాట దానంతటదే వచ్చింది.

రెండవ మాటలోనే మా ప్రశ్నకు జవాబు ఉంది. లైసోజైమ్ అంటే 130 అమైనో ఆమ్లాలు ఒక వరుసలో కూర్చిన గొలుసు. ఆ వరుసను నిర్దేశించే జన్యువు ఒక లిఖిత ఆదేశం వంటిది. కాతిబ్ ఒక గ్రంథానికి ప్రతి రాసుకుంటే మూలగ్రంథంలో ఒక్క అక్షరమూ తగ్గదు. అదే విధంగా ఆ ఆదేశపు ప్రతిని శాస్త్రవేత్తలు వేరొక సూక్ష్మజీవిలో ప్రవేశపెడతారు. ఇప్పుడైతే ఆ ప్రతిని యంత్రంపై రసాయనాలతోనే కూర్చగలరట. ఆ అమ్మాయి వాడే ప్రోటీన్ ఈస్టులో తయారైనది. బ్యాక్టీరియా గోడను తెగగొట్టే ఎంజైమును బ్యాక్టీరియాతోనే చేయించడంలో చిక్కులున్నాయి. ఈస్టు గోడ వేరే పదార్థంతో నిర్మితమైనది కనుక దానికి ఆ బెడద లేదు. అంటే సీసాలోని వస్తువు క్రమం మానవునిది, తయారీ ఈస్టుది. ఎవరి దేహాన్నీ కోయలేదు, ఎవరి రక్తాన్నీ తీయలేదు.

"పూర్వం అలా కాదు హజ్రత్" అంది ఆ అమ్మాయి. మానవ లైసోజైమ్ కావాలంటే తల్లిపాల నుంచో, కొందరు రక్తక్యాన్సర్ రోగుల మూత్రం నుంచో వేరుచేయవలసి వచ్చేదట. ఏ మాట విని ఇంట్లో పెద్దలు భయపడ్డారో, ఆ పద్ధతే మనిషి దేహంపై ఆధారపడే అవసరాన్ని తప్పించిందన్న మాట!

మా శిష్యులు రోజూ ఇన్సులిన్ వేసుకుంటారు. ఒకప్పుడు ఇన్సులిన్ ను ఆవుల, పందుల క్లోమ గ్రంథి నుంచి తీసేవారు. రీకాంబినెంట్ మానవ ఇన్సులిన్ కు 1982లో అమెరికాలో అనుమతి లభించింది. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన హెపటైటిస్ బి టీకా కూడా ఈస్టులో తయారైనదే. ఇవన్నీ కూతురు చెబుతుంటే తండ్రి తల దించుకుని విన్నారు.

భయం తొలగగానే వారి మనసులో ఆశ పుట్టింది. "రోగనిరోధకం అంటున్నావు కదమ్మా, మీ నానీకి దగ్గు తగ్గడం లేదు. కాస్త తెచ్చి నీళ్లలో కలిపి ఇవ్వరాదా?" అన్నారు.

"అబ్బాజాన్, మూడో మాట చదవండి" అంది ఆ అమ్మాయి.

పరిశోధనకు మాత్రమే. ఆ పొడిలో ప్రోటీన్ ఎంత శుద్ధంగా ఉందో, ఎంజైము పనిచేస్తోందో లేదో తయారీదారులు పరీక్షిస్తారు. మనిషికి ఇవ్వదగినదా, ఎంత మోతాదులో ఇవ్వాలి అన్న పరీక్షలు దానికి జరగవు. మందు కావాలంటే ఏళ్ల తరబడి వేరే పరీక్షలు దాటాలి. పైగా అది ప్రయోగశాల సొత్తు, ఆ అమ్మాయి చేతిలో అమానతు. నానీ దగ్గుకు చూపించవలసినది వైద్యునికి.

పాఠక సోదర సోదరీమణులారా! మొదటి మాట ఒక్కటే విని ఒక కుటుంబం బిడ్డ చదువును ఆపబోయింది. మూడో మాట చదవక ఒక వృద్ధురాలికి తాగించరాని దానిని తాగించబోయింది. మొదటి పొరపాటులో మేమూ భాగస్వాములం కాబోయి తప్పించుకున్నాము.

బిడ్డల చదువు మనకు అర్థం కానప్పుడు ముందు వారినే కూర్చోబెట్టి అడుగుదాం. ఆ అమ్మాయి సోమవారం మళ్లీ ప్రయోగశాలకు వెళ్లింది. నానీని ఆస్పత్రికి తీసుకువెళ్లామని మా శిష్యులు ఫోను చేసి చెప్పారు.